రోజూ పుట్టే ఆ ఫైలు ఎవరిది?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది తాడిపత్రి. బండల పాలిష్ ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. రెండు నెలలుగా ఆఫీసు కంప్యూటర్ పొద్దున ఆన్ చేయగానే ‘ఫైల్ నేమ్ వార్నింగ్’ అని ఒక బాక్స్ వస్తోంది. సి డ్రైవ్‌లో ‘ప్రోగ్రామ్’ అనే పేరుతో ఫైలో ఫోల్డరో ఉందట, దానివల్ల కొన్ని సాఫ్ట్‌వేర్లు సరిగా పనిచేయకపోవచ్చట, పేరు ‘ప్రోగ్రామ్1’ అని మార్చాలా అని అడుగుతోంది. మార్చినా, డిలీట్ కొట్టినా మర్నాటికి మళ్లీ ఉంటోంది. యాంటీవైరస్‌తో రెండుసార్లు స్కాన్ చేశాం, ఏమీ దొరకలేదు. ఇక్కడి మెకానిక్ ఫార్మాట్ కొడితే పోతుంది, 800 అవుతుంది అంటున్నాడు. మా ఓనరేమో ముందున్న అకౌంటెంట్ పోతూ పోతూ ఏదో పెట్టిపోయాడని ఆయన్ను తిట్టని రోజు లేదు. జీఎస్టీ బిల్లులన్నీ ఇందులోనే ఉన్నాయి, నాకు టెన్షన్‌గా ఉంది. ఈ ఫైలును తయారుచేస్తున్నది ఏ ప్రోగ్రామో కనుక్కోవడానికి దారి ఉందా?
– పేరు వేయొద్దన్న పాఠకుడు, తాడిపత్రి

జవాబు: ఉంది తమ్ముడూ. ఫార్మాట్ మాత్రం కొట్టించొద్దు. మన ఊళ్లలో కంప్యూటర్ తుమ్మినా ఫార్మాటే మందు. నేనూ ఆ మందు వేసినదాన్నే. అనంతపురం కమలానగర్‌లో నా సెంటర్ నడిచే రోజుల్లో ఒక మిషన్ డిస్కు ఉన్నట్టుండి నిండిపోయింది. బయట హాల్ టికెట్ల కోసం పిల్లలు వరసలో నిలబడి ఉన్నారు. కంగారులో ఫార్మాట్ కొట్టి అన్నీ మళ్లీ ఎక్కించాను. పది రోజులకు మళ్లీ నిండింది. తీరా చూస్తే ప్రింటర్‌తో పాటు వచ్చిన ఒక చిన్న సాఫ్ట్‌వేర్ తన లాగ్ ఫైలును (చేసిన పనులు రాసుకునే ఫైలు) ఆపకుండా పెంచుకుంటూ పోతోంది. ఫార్మాట్ అయ్యాక నేను మొట్టమొదట ఎక్కించింది దాన్నే!

నీ ఉత్తరం చూడగానే ఫోన్ చేశాను. మూడు రోజులు మాట్లాడుకున్నాం. అయినా చదివేవాళ్ల కోసం మొదటి నుంచి చెబుతాను, ఎందుకంటే ఇలాంటి ఉత్తరాలు నాకు నెలకు నాలుగు వస్తాయి.

నేను నిన్ను మొదట అడిగింది, అది ఎన్నింటికి పుడుతోంది అని. ఫైలు మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్ చూడమన్నాను. ‘క్రియేటెడ్’ దగ్గర ముందు రోజు సాయంత్రం 7:30. డిలీట్ చేసి ఇంకో రోజు చూశావు, అప్పుడూ 7:30. మూడో రోజూ అంతే. మనిషి చేసే పని ఒక రోజు 7:22కు, ఇంకో రోజు 7:50కి జరుగుతుంది. నిమిషం తప్పకుండా చేస్తోందంటే అది గడియారం చూసుకుని నడిచేదే. విండోస్‌లో అలా నడిపించేది టాస్క్ షెడ్యూలర్. (ఒక మెలిక ఉంది. డిలీట్ చేసిన 15 సెకన్లలోపే అదే పేరుతో అక్కడే ఫైలు మళ్లీ పుడితే విండోస్ దానికి పాత పుట్టిన సమయాన్నే అంటిస్తుంది. వెంటవెంటనే పుట్టే ఫైళ్ల విషయంలో ఆ సమయాన్ని నమ్మకండి.)

రెండోది, ఫైలు లోపల ఏముందని అడిగాను. నువ్వు చూడలేదన్నావు. ఓనరూ చూడలేదు, మెకానిక్కూ చూడలేదు. రెండు నెలలుగా ముగ్గురూ దాన్ని తుడిచేస్తూ వచ్చారే గానీ ఒక్కరూ తెరవలేదు.

నేను కంప్యూటర్లకు రాకముందు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపాను. పన్నెండు మిషన్లు. లోయర్, హయ్యర్ పరీక్షల పిల్లలు కాగితం తెచ్చి నా ముందు పెడితే, ఏ మిషన్ మీద కొట్టారో పేరడగకుండా చెప్పేదాన్ని. ఏడో నంబరు మిషన్‌కు ఒక అక్షరం ఎప్పుడూ కాస్త కిందకు పడేది. మూడో నంబరుకు స్పేస్ బార్ ఒకసారి నొక్కితే రెండు ఖాళీలు వచ్చేవి. కాగితాన్ని చూస్తే మిషన్ తెలుస్తుంది. ఫైలూ అంతే. పేరు వెనక ఎక్స్‌టెన్షన్ ఏమీ లేకపోయినా నోట్‌ప్యాడ్‌లో తెరవచ్చు. తెరిస్తే చదవలేని గీతలూ చుక్కలూ రావచ్చు, ఒక్కోసారి మంచి ఇంగ్లిష్ వాక్యమే ఉండచ్చు.

నీ ఫైలులో ఒకే ఒక లైను ఉంది. నువ్వు ఫోన్లో చదివి వినిపించావు:

బ్యాకప్ ఓవర్  ఫైల్స్\బిల్లింగ్\లాగ్.టీఎక్స్‌టీ

‘ఓవర్’ తర్వాత ఖాళీ ఎంతుందని అడిగితే, ‘కొంచెం ఎక్కువే ఉందక్కా’ అన్నావు. నాకు మూడో నంబరు మిషన్ గుర్తొచ్చింది.

ఆ లైను ఎలా పుట్టిందో చెబుతాను. ఎవరో ఒక బ్యాచ్ ఫైలులో (వరసగా నడవాల్సిన కమాండ్లు రాసిపెట్టే ఫైలు) ‘బ్యాకప్ ఓవర్’ అని ఎకో కొట్టి, అంటే ఆ మాట చూపించమని రాసి, ఆ ముక్కను లాగ్ ఫైలులోకి పంపమని >> గుర్తు పెట్టి, పక్కన సి:\ప్రోగ్రామ్ ఫైల్స్\బిల్లింగ్\లాగ్.టీఎక్స్‌టీ అని చిరునామా రాశారు. కొటేషన్లు పెట్టలేదు. ఆ చిరునామాలో ‘ప్రోగ్రామ్’కూ ‘ఫైల్స్’కూ నడుమ ఖాళీ ఉంది. ఆ కమాండ్లను నడిపే కమాండ్ ప్రాంప్ట్, ఖాళీ కనిపించగానే పేరు అయిపోయిందనుకుంటుంది. కాబట్టి సి డ్రైవ్‌లో ‘ప్రోగ్రామ్’ అని ఒక ఫైలు పుట్టించి, మిగిలిన ‘ఫైల్స్\బిల్లింగ్\లాగ్’ ముక్కను ఎకో చేయాల్సిన మాటల్లో కలిపేసి, మొత్తం అందులోనే రాసేసింది. >> కు ముందున్న ఖాళీ, చిరునామా మధ్యలోని ఖాళీ రెండూ పక్కపక్కన చేరాయి.

విండోస్ ఆ పేరుకు ఎందుకు భయపడుతుందంటే అదీ ఈ ఖాళీ గొడవే. కొటేషన్లు లేకుండా ప్రోగ్రామ్ ఫైల్స్ లోపలి చిరునామా ఇస్తే, ఖాళీ దగ్గర ఆగి ‘ప్రోగ్రామ్’ అనేదేమైనా ఉందేమోనని ముందు అక్కడ వెతికే అవకాశముంది. ఆ పేరుతో నిజంగా ఏదో ఉంటే దారి తప్పుతుంది.

ఇంకో సంగతి. సి డ్రైవ్ మొదట్లో మామూలు లాగిన్‌తో ఫైలు పెట్టడం కుదరదు, అడ్మినిస్ట్రేటర్ అధికారం కావాలి. అంటే ఈ పని చేస్తున్నదానికి ఎవరో కావాలనే ఆ అధికారం ఇచ్చారు.

ఇంతవరకూ నాది ఊహే. ఊహ మీద ఆధారపడి ఒక మనిషిని దొంగ అనలేం, దొంగ కాదనీ అనలేం. అందుకే ఏ ఫైలును ఏ ప్రోగ్రామ్ ముట్టుకుంటోందో చూపించే ప్రాసెస్ మానిటర్ పెట్టించాను. అది సిస్ఇంటర్నల్స్ వాళ్లది. మార్క్ రస్సినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ అని ఇద్దరు 1996లో సిస్ఇంటర్నల్స్ మొదలుపెట్టి, విండోస్ లోపల ఏం జరుగుతోందో చూపించే చిన్న చిన్న ప్రోగ్రాములు రాసి ఉచితంగా పంచారు. 2006లో మైక్రోసాఫ్ట్ దాన్ని కొనేసింది. ఇప్పటికీ మైక్రోసాఫ్ట్ సైట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. ఇన్‌స్టాల్ చేసే పనిలేదు, జిప్ విప్పి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ కొడితే చాలు.

తెరవగానే అందరూ బెదిరిపోతారు. లైన్లు జలపాతంలా కిందికి దూకుతుంటాయి. ఏమీ చేయకుండా ఊరకే పెట్టిన కంప్యూటర్ కూడా కాసేపట్లో లక్షల లైన్లు పుట్టిస్తుంది. కంట్రోల్, ఈ కలిపి నొక్కితే ఆగుతుంది. కంట్రోల్, ఎక్స్ నొక్కితే తెర మీదున్న లైన్లన్నీ పోతాయి. కంట్రోల్, ఎల్ నొక్కితే ఫిల్టర్ వస్తుంది. అందులో వరసగా పాత్, ఈజ్, సి:\ప్రోగ్రామ్, ఇన్‌క్లూడ్ అని పెట్టి యాడ్ కొట్టాలి. తర్వాత ఫిల్టర్ మెనూలో ‘డ్రాప్ ఫిల్టర్డ్ ఈవెంట్స్’కు టిక్ పెట్టాలి. అది మరిచిపోతే మనకు కనిపించకపోయినా అన్ని లైన్లనూ మెమరీలో దాచుకుంటుంది. సాయంత్రానికి మీ కంప్యూటర్ ఎద్దుల బండి అవుతుంది. ఫైలు 7:30కే పుడుతుందని తెలుసు కాబట్టి 7:20కి పెట్టి 7:35కు ఆపమన్నాను.

గురువారం రాత్రి నువ్వు పంపిన ఫోటోలో ఏడెనిమిది లైన్లున్నాయి. యాంటీవైరస్ పేరు చూసి ‘అక్కా, ఇదే చేస్తోంది, క్రియేట్ ఫైల్ అని ఉంది చూడు’ అన్నావు. ఇక్కడే చాలామంది తప్పుతారు. విండోస్ భాషలో ‘క్రియేట్ ఫైల్’ అంటే తయారుచేయడం ఒక్కటే కాదు, ఉన్నదాన్ని తెరవడం కూడా. కొత్త ఫైలు పుట్టగానే యాంటీవైరస్ వచ్చి తెరిచి చూస్తుంది, దానికీ అదే పేరు పడుతుంది. చూడాల్సింది చివర ‘డీటెయిల్’ గడిలో. అక్కడ ‘ఓపెన్ రిజల్ట్: క్రియేటెడ్’ అని ఉన్న లైనే పుట్టించినది. ‘ఓపెన్డ్’ అని ఉంటే చూసిపోవడానికి వచ్చినది. మీదాంట్లో ‘క్రియేటెడ్’ ఒక్కదానికే ఉంది, సీఎండీ.ఈఎక్స్‌ఈకి.

దొరికాడనుకున్నావు. సీఎండీ అంటే విండోస్‌దే, కమాండ్ ప్రాంప్ట్. చెప్పిన పని చేసే కూలీ. గోడకు వేసిన రంగు నచ్చకపోతే బ్రష్ పట్టినవాణ్ని అడిగితే ఏం చెబుతాడు, మేస్త్రీ తెమ్మన్న డబ్బానే తెచ్చానంటాడు. ఆ లైను మీద డబుల్ క్లిక్ కొట్టి ‘ప్రాసెస్’ ట్యాబ్‌లో ‘కమాండ్ లైన్’ చూడమన్నాను. డి:\బ్యాకప్\నైట్.బ్యాట్ అని ఉంది. టూల్స్‌లో ప్రాసెస్ ట్రీ తెరిస్తే, సీఎండీని పిలిచింది ఎస్‌వీసీహోస్ట్ అని, అంటే టాస్క్ షెడ్యూలర్ సర్వీసు నడిచేచోటు అని తేలింది. షెడ్యూలర్ తెరిస్తే ‘నైట్ బ్యాకప్’ అనే టాస్క్, రోజూ 7:30, ‘రన్ విత్ హయ్యెస్ట్ ప్రివిలేజెస్’కు టిక్. ‘ఆథర్’ దగ్గర పాత అకౌంటెంట్ లాగిన్ పేరు.

‘చూసినావా, నేను చెప్పలా!’ అని మీ ఓనరు పక్కనుంచి అనడం నాకూ వినిపించింది.

అప్పుడు ఆ .బ్యాట్ ఫైలును, అంటే బ్యాచ్ ఫైలును, తెరవమన్నాను. డబుల్ క్లిక్ కొడితే నడుస్తుంది కాబట్టి రైట్ క్లిక్ కొట్టి ఎడిట్‌తో. రెండే లైన్లు. మొదటిది ఎక్స్‌కాపీతో బిల్లుల డేటాను డి డ్రైవ్‌కు కాపీ చేసేది. రెండోది మన ‘బ్యాకప్ ఓవర్’. ఆ మనిషి చేసిన పాపం ఇంతే, మీ బిల్లులు పోకుండా రోజూ సాయంత్రం ఒక కాపీ తీసిపెట్టడం. ఫైలును చివరిసారి మార్చిన తేదీ చూడమన్నాను. ఏప్రిల్ 12. ఆయన మానేసింది జనవరిలో.

కాసేపు నీ వైపు చప్పుడు లేదు. తర్వాత మెల్లగా, ‘అక్కా, అది నేనే మార్చినా’ అన్నావు.

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వేసినప్పుడు అది డి డ్రైవ్ నుంచి ప్రోగ్రామ్ ఫైల్స్‌లోకి మారింది. ‘పాత అడ్రసు తీసి కొత్తది పెట్టండి’ అని వాళ్ల మనిషి ఎవరో ఫోన్లో చెబితే నువ్వు రెండు లైన్లలోనూ మార్చావు. పాత చిరునామాలో ఖాళీలు లేవు, కొటేషన్లు లేకపోయినా నడిచింది. ఇందులో సిగ్గుపడేదేమీ లేదు, కొటేషన్లు పెట్టమని చెప్పాల్సింది వాళ్లు.

నాకు గుండె జారింది మాత్రం మొదటి లైను విన్నాక. దాంట్లోనూ కొటేషన్లు లేవు. ఎక్స్‌కాపీకి ‘ఎక్కడి నుంచి’, ‘ఎక్కడికి’ అని రెండు చిరునామాలు ఇవ్వాలి. ఖాళీ దగ్గర తెగి అవి మూడయ్యాయి. అలాంటప్పుడు అది ‘ఇన్‌వ్యాలిడ్ నంబర్ ఆఫ్ పారామీటర్స్’ అని చెప్పి ఏమీ చేయకుండా వెళ్లిపోతుంది. ఆ మాట చూసేందుకు 7:30కి స్క్రీన్ ముందు ఎవరూ లేరు. ఇక రెండో లైనుకు మొదటి లైను సంగతి పట్టదు, ‘బ్యాకప్ ఓవర్’ అని రాసేస్తుంది. డి డ్రైవ్‌లో చూస్తే ఆఖరి కాపీ ఏప్రిల్ 11ది. రెండు నెలలుగా మీకు బ్యాకప్పే లేదు తమ్ముడూ. మెకానిక్ ఫార్మాట్‌కు ముందు అడిగి ఉంటే, ‘డి డ్రైవ్‌లో రోజూ కాపీ అవుతుందిలే’ అని నువ్వే చెప్పి ఉండేవాడివి.

ఇప్పుడు చేయాల్సింది నీకు రాయించాను, మళ్లీ ఇక్కడ: రెండు లైన్లలో చిరునామాలన్నిటికీ అటూ ఇటూ డబుల్ కొటేషన్లు. లాగ్‌ను ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కాకుండా డి:\బ్యాకప్‌లోనే పెట్టు. రెండు లైన్లను ఒక లైనుగా చేసి, నడుమ && పెట్టు, అప్పుడు కాపీ సరిగా అయితేనే ‘ఓవర్’ అని రాస్తుంది. ఎక్స్‌కాపీ లైనులో / గుర్తుతో ఉన్న పాత స్విచ్‌లు కదిలించకు. సి డ్రైవ్‌లోని ఆ ఫైలును ఆఖరిసారి డిలీట్ చెయ్యి. డి డ్రైవ్ అంటే అదే డిస్కులో ఇంకో గది, అంతే. బండల దుమ్ముకు ఫ్యాన్లు మూసుకుపోయే చోట డిస్కు పోతే రెండూ కలిసి పోతాయి. వారానికోసారి ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కూడా వేసుకో. 800 రూపాయలను ఆ డిస్కులో కలపమని మీ ఓనరుతో చెప్పు. పాత అకౌంటెంట్‌కు ఫోన్ చేయడం చేయకపోవడం ఆయనిష్టం.

ప్రశ్న: నేను రిటైరైన తెలుగు పండితుణ్ని. శతకాలకు వ్యాఖ్యానం టైపు చేసుకుంటున్నాను. నా ఫోల్డర్‌లో ప్రతి ఫైలుకూ పక్కన అదే పేరుతో, ముందు ఒక అల గుర్తూ డాలరు గుర్తూ ఉన్న చిన్న ఫైలు కనిపిస్తోంది. ఎవరైనా నా రాతలు కాజేస్తున్నారా?
– కళ్యాణదుర్గం

జవాబు: లేదు మాస్టారూ. అది వర్డ్ పెట్టేదే. మీరు ఒక ఫైలు తెరవగానే ‘దీన్ని ఫలానావారు తెరిచారు’ అని రాసిపెట్టుకునే చీటీ. మామూలుగా దాగి ఉంటుంది, ఫైలు మూయగానే పోతుంది. కరెంటు పోయి కంప్యూటర్ ఆరిపోతే తీసేవాళ్లు లేక మిగిలిపోతుంది. మీకు అన్నిటికీ కనిపిస్తున్నాయంటే కళ్యాణదుర్గంలో కరెంటు సంగతి నాకు అర్థమైంది. వర్డ్ మూసేసి వాటిని తీసేయండి, ఒక యూపీఎస్ కొనుక్కోండి. దాచిన ఫైళ్లు కనిపించే సెట్టింగు ఎవరో ఆన్ చేసినట్టున్నారు, అది ఆపేస్తే సరి.

ప్రశ్న: మేడమ్, ఇంజినీరింగ్ చదువుతున్నాను. లైనక్స్‌లో ఒక ఫోల్డర్‌లో ఫైళ్లు పుట్టి వెంటనే మాయమవుతున్నాయి. ఐనోటిఫై పెట్టి చూశాను, ఫైలు పేరు వస్తోంది గానీ చేసిందెవరో రావట్లేదు.
– అనంతపురం

జవాబు: రాదు. ఏం జరిగిందో చెప్పడం వరకే ఐనోటిఫై పని, ఎవరు చేశారో దానికి తెలియదు. ఎల్ఎస్ఓఎఫ్ ఆ క్షణంలో తెరిచి ఉన్నవే చూపిస్తుంది, నీ ఫైలు అంతసేపు ఆగదు. ఫ్యాట్రేస్ వేసి చూడు, అది ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) పేరూ నంబరూ ఇస్తుంది. ఎప్పుడు పుడుతుందో తెలియనిదైతే ఆడిట్‌డీ పెట్టి, ఆ ఫోల్డర్ మీద రైటుకు, యాట్రిబ్యూట్ మార్పుకు కాపలా రూలు ఒకటి రాసి వదిలెయ్. మర్నాడు ఏయూసెర్చ్‌లో వెతుక్కో. విండోస్‌లో అలాంటి కాపలాకు సిస్‌మాన్ ఉంది, కొత్త ఫైలు పుట్టినప్పుడు 11వ నంబరు ఈవెంట్ రాస్తుంది.

ప్రశ్న: గుంతకల్లు స్టేషన్ రోడ్డులో జిరాక్స్, నెట్ సెంటర్ ఉంది. నాలుగు కంప్యూటర్లు. కస్టమర్ పెన్‌డ్రైవ్ పెట్టగానే అందులోని ఫైళ్లు మాయమై, వాటి పేర్లతో షార్ట్‌కట్లు వస్తున్నాయి. గిరాకీ పోతోంది.

జవాబు: ఫైళ్లు పోలేదండీ, దాచేసింది. అసలు ఫైళ్లకు ‘హిడెన్’, ‘సిస్టమ్’ ముద్రలు వేసి, వాటి పేర్లతో షార్ట్‌కట్లు పెట్టే స్క్రిప్టు మీ కంప్యూటర్లో నడుస్తోంది. షార్ట్‌కట్ మీద ఎవరైనా డబుల్ క్లిక్ కొడితే వాళ్ల కంప్యూటర్లోకీ దూకుతుంది. ముందు ఆ పెన్‌డ్రైవ్‌లు తెరవడం ఆపండి.

మీదగ్గరున్న ఖాళీ పెన్‌డ్రైవ్‌లో పనికిరాని ఫైలు ఒకటి వేయండి. ప్రాసెస్ మానిటర్‌లో పాత్, ఎండ్స్ విత్, .ఎల్ఎన్‌కే, ఇన్‌క్లూడ్ అని ఫిల్టర్ పెట్టి పెన్‌డ్రైవ్ గుచ్చండి. ఇలాంటివాటిలో ఎక్కువగా డబ్ల్యూస్క్రిప్ట్.ఈఎక్స్‌ఈ పేరు వస్తుంది. అది కూడా పైన చెప్పిన సీఎండీ లాంటి కూలీయే, విండోస్‌దే, దాన్ని డిలీట్ చేయకండి. కమాండ్ లైన్‌లో దాని వెనకున్న .వీబీఎస్ లేదా .జేఎస్ ఫైలు ఎక్కడుందో రాసుకోండి. ఎక్కువగా యాప్‌డేటా లోపలే ఉంటుంది.

ఇక వరస ముఖ్యం. ఫైలును ముందు తీసేస్తే నడుస్తున్న స్క్రిప్టు మళ్లీ రాసుకుంటుంది. మొదట టాస్క్ మేనేజర్‌లో డబ్ల్యూస్క్రిప్ట్‌ను ఆపండి, రెండు మూడు ఉంటే అన్నీ. తర్వాత కంప్యూటర్‌తో పాటు తమంతట తామే మొదలయ్యేవాటిని చూపించే ఆటోరన్స్ (అదీ సిస్ఇంటర్నల్స్ వాళ్లదే) తెరిచి, లాగాన్ ట్యాబ్‌లో మీరు రాసుకున్న చిరునామా కనిపించిన చోటల్లా తీసేయండి. షెడ్యూల్డ్ టాస్క్స్ ట్యాబ్ కూడా చూడండి. అప్పుడు ఆ స్క్రిప్టు ఫైలును తొలగించండి. పెన్‌డ్రైవ్‌లోని షార్ట్‌కట్లు తీసేసి, కమాండ్ ప్రాంప్ట్‌లో ఆట్రిబ్ -హెచ్ -ఆర్ -ఎస్ /ఎస్ /డి ఇ:\*.* కొడితే (ఇ అన్నచోట మీ పెన్‌డ్రైవ్ అక్షరం, అన్నీ ఇంగ్లిష్‌లో) కస్టమర్ ఫైళ్లు బయటికొస్తాయి.

మీ సెంటర్లో నాలుగు కంప్యూటర్లున్నాయని రాశారు. నాలుగింటికీ ఒకే రోజు, నెట్ తీగ పీకేసి చేయండి. ఆ ఖాళీ పెన్‌డ్రైవ్‌ను ఒక్కోదాంట్లో గుచ్చి పది నిమిషాలు వదిలేయండి. షార్ట్‌కట్ పుట్టకపోతే షట్టర్ ఎత్తండి.